ముందు పళ్ళు లెక్కపెట్టండి

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మావయ్య బ్లేడ్ ఒకటి ఐదు నిమిషాల్లో నాశనం చేశాను. బ్లేడ్ అంటే గడ్డం గీసుకునేది కాదు, ఇనుము కోసే బ్యాండ్‌సా బ్లేడ్. ఖరీదు పన్నెండు వందలు. ఆ రోజు నుంచి ఈ విషయం మీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. కవితలు, కథలు వచ్చే మన పత్రికలో రంపం గోల ఏంటి అని అనుకోకండి. మనది ఇంజినీరింగ్ కాలేజీయే కదా.

బ్యాండ్‌సా చూడనివాళ్ళకి ఒక మాట. రెండు చక్రాలు ఉంటాయి. వాటి మీద బెల్టులాగా బిగించిన సన్నటి ఉక్కు పట్టీ తిరుగుతూ ఉంటుంది. ఆ పట్టీకి ఒక అంచు పొడవునా పళ్ళు ఉంటాయి. చెక్క కోసే సామిల్లుల్లో పెద్దవి ఉంటాయి. మా మావయ్య విజయవాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నది చిన్నది, నాలుగంగుళాల రాడ్ దాకా పట్టేది. వైస్‌లో ముక్క బిగించి స్విచ్ వేస్తే రంపం చెయ్యి తన బరువుతో తనే మెల్లగా దిగుతూ కోస్తుంది. మనిషి పక్కన నిలబడి చూస్తే చాలు.

నాకు అప్పగించిన పని కూడా అదే, చూడటం. స్లైడింగ్ గేటు చక్రాలకి ఇరుసులు కావాలని ఒకాయన 40 మి.మీ. స్టెయిన్‌లెస్ రాడ్ ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే ఇవ్వాలి. మావయ్య బెల్టుని అన్నిటికంటే తక్కువ వేగం ఇచ్చే పుల్లీ మీద పెట్టి, నూనె చుక్కలు వేసి, "చూస్తూ ఉండు, చెయ్యి పెట్టకు" అని లోపలికి వెళ్ళాడు. బ్లేడ్ ఎంత నెమ్మదిగా తిరుగుతోందంటే దాని అతుకు వచ్చి పోవడం కంటికి కనిపిస్తోంది. పది నిమిషాలకి రాడ్‌లో చిన్న గాటు పడింది. నాకు ఓపిక అయిపోయింది. మెషీన్ ఆపి, కవర్ తీసి, బెల్టుని ఎక్కువ వేగం ఉన్న పుల్లీకి మార్చాను. (ఆపే మార్చాను, ఆ మాత్రం బుద్ధి ఉంది.) స్విచ్ వేయగానే కీచుమని అరుపు. ఆ శబ్దానికి భయపడి రంపం చెయ్యి బరువు తగ్గించే స్ప్రింగు బిగించాను. అరుపు కాస్త తగ్గింది. కోత మాత్రం పూర్తిగా ఆగిపోయింది. పొగ మొదలైంది.

మావయ్య పరుగెత్తుకొచ్చి ఆపాడు. బ్లేడ్ చల్లారాక పళ్ళ మీద బొటనవేలు పెట్టి చూపించాడు. స్కేలు అంచులాగా నున్నగా ఉంది. "కొత్త బ్లేడ్ వేద్దామా?" అన్నాను. "ఇంకోటి లేదు. ఉన్నా ఆ గాట్లో పనికిరాదు, అక్కడ గట్టిపడిపోయింది" అన్నాడు. పండగ కాబట్టి ఆటోనగర్‌లో షాపులు కూడా లేవు. రాడ్ తిరగేసి బిగించి, చేతి రంపం ఇచ్చాడు. తిట్టలేదు. "నొక్కి తొయ్యి, తేలిగ్గా వెనక్కి లాక్కో, తొందరపడకు" అన్నాడు అంతే. ఒకరి తర్వాత ఒకరం రాత్రి పదిన్నర దాకా కోశాం.

ఆ రాత్రి చెయ్యి నొప్పి పుడుతుంటే ఒక లెక్క వేశాను. నిమిషానికి దాదాపు 50 సార్లు తోస్తున్నాం, ఒక్కో తోపుకి రంపం 20 సెంటీమీటర్లు కదులుతోంది. అంటే నిమిషానికి 10 మీటర్లు. మావయ్య పెట్టిన తక్కువ వేగం నిమిషానికి 20 మీటర్లు. నేను మార్చింది 50. చేతి రంపం బ్లేడ్ తెల్లారేదాకా కోసినా కాలిపోదు, ఎందుకంటే మన చెయ్యి అంతకంటే వేగంగా ఆడలేదు. తొందరపాటుని మన ఒళ్ళే ఆపుతుంది. మోటారు వచ్చాక ఆ అడ్డు పోయింది. అందుకే ఆ అడ్డుని మనం తెలిసి పెట్టుకోవాలి.

నా అభిప్రాయం ఇదీ. ఇంట్లో లోహం కోసేవాళ్ళకి పెద్ద మెషీన్, ఎక్కువ హార్స్‌పవర్ కంటే రెండు చిన్న లెక్కలు ఎక్కువ ఉపయోగం. ఒకటి, ముక్క మందంలో ఎన్ని పళ్ళు పడుతున్నాయి. రెండు, ఆ లోహం ఎంత వేగం తట్టుకుంటుంది. ఈ రెండూ చూడకుండా కొన్న బ్లేడ్, ఎంత మంచిదైనా, డబ్బు దండగ.

ముందు పళ్ళ సంగతి. బ్లేడ్ మీద టీపీఐ అని ఒక అంకె ఉంటుంది. అంగుళానికి ఎన్ని పళ్ళు అని అర్థం. పాత మెషినిస్టుల సూత్రం ఏంటంటే, ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు లోహంలో ఉండాలి. ఆరు నుంచి పన్నెండు దాకా ఉంటే హాయిగా కోస్తుంది. ఇరవై నాలుగు దాటితే ఎక్కువైపోయినట్టు.

మూడు ఎందుకు? రెండు పళ్ళ మధ్య సందు కంటే ముక్క మందం తక్కువైతే, ముక్క ఆ సందులో పడిపోతుంది. వెనకొచ్చే పన్ను దాన్ని గుద్దుకుని విరుగుతుంది. ఒక పన్ను విరిగితే దాని తర్వాతి పన్ను మీద రెండింతల భారం. అదీ పోతుంది. అలా వరసగా ఊడిపోతాయి. నలభై ఏళ్ళుగా గేట్లు చేసేవాళ్ళు కూడా "బ్లేడ్ క్వాలిటీ బాలేదు" అని పారేసే బ్లేడ్లలో చాలా వాటి కథ ఇదేనని నా అనుమానం.

మరి ఎక్కువ పళ్ళు ఉంటే ఏమవుతుంది? ప్రతి పన్ను తను కోసిన రజను ముక్క బయటికి వచ్చేదాకా తన ముందున్న సందులోనే మోసుకెళ్ళాలి. సన్న పళ్ళకి సందు చిన్నది. లావు రాడ్‌లో సగం దూరం వెళ్ళేసరికే నిండిపోతుంది. ఆ తర్వాత కోయడం ఆగి రాపిడి మొదలవుతుంది. రాపిడి అంటే వేడి.

అంకెల్లో చూద్దాం. 25 మి.మీ. అంటే దాదాపు అంగుళం. 25 మి.మీ. గుండ్రటి రాడ్‌కి 10 టీపీఐ బ్లేడ్ వేస్తే లావుగా ఉన్న చోట పది పళ్ళు పడతాయి. బాగుంది. అదే రాడ్‌కి 24 టీపీఐ వేస్తే ఇరవై నాలుగు పళ్ళు, చాలా ఎక్కువ. ఇప్పుడు 3 మి.మీ. మందం ఉన్న పైపు తీసుకోండి. 14 టీపీఐ అయితే రెండు పళ్ళు కూడా పూర్తిగా పడవు. 24 టీపీఐ అయితే దాదాపు మూడు. అంటే రాడ్‌కి పనికిరాని బ్లేడే పైపుకి సరైన బ్లేడ్. అందుకే "మంచి బ్లేడ్ ఏది?" అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. "దేనికి?" అని కూడా అడగాలి.

"ప్రతి ముక్కకీ ఒక బ్లేడ్ కొంటామా?" అంటారు. అక్కర్లేదు. బ్లేడ్ మార్చకుండా పళ్ళ లెక్క మార్చే దారి ఒకటుంది: ముక్క బిగించే తీరు మార్చడం. 40 బై 6 ఫ్లాట్ తీసుకోండి. దాన్ని నిలబెట్టి బిగిస్తే 14 టీపీఐ బ్లేడ్‌కి మూడు పళ్ళు దొరుకుతాయి, పడుకోబెడితే ఇరవై రెండు. 5 మి.మీ. యాంగిల్‌ని మామూలుగా ఎల్ అక్షరంలాగా నిలబెడితే, నిలువు రెక్కలో మూడు పళ్ళు కూడా పడవు. అదే యాంగిల్‌ని ఇంటి కప్పులాగా, మూల పైకి వచ్చేలా బోర్లిస్తే రంపం రెండు రెక్కల్నీ ఏటవాలుగా దాటుతుంది. ఒక్కో రెక్కలో 5 మి.మీ. బదులు 7 మి.మీ. మందం తగులుతుంది, దాదాపు నాలుగు పళ్ళు. పైసా ఖర్చు లేదు. మొదట ఆ మూల మీద రంపం ఆనించేటప్పుడు మాత్రం చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించాలి.

చిన్న మెషీన్‌కి నా సలహా రెండు బ్లేడ్లు. సన్నటి పైపులకీ రేకులకీ ఒక 24. మిగతా వాటికి 10/14. ఈ రెండో దాంట్లో పళ్ళ ఎడం ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల పది లెక్కన, కొన్నిచోట్ల పద్నాలుగు లెక్కన ఉంటుంది. పళ్ళన్నీ ఒకే లయలో తగిలితే ముక్క ఊగిపోయి అరుస్తుంది. లయ తప్పిస్తే ఆ ఊగు తగ్గుతుంది. తరచుగా 50 మి.మీ., అంతకంటే లావు ఇనుము కోసేవాళ్ళకి 6/10 కూడా కావాలి.

తర్వాత బ్లేడ్ దేంతో చేశారన్నది. మామూలు కార్బన్ స్టీల్ బ్లేడ్ చవక. కానీ దాని పళ్ళు 200 డిగ్రీలు దాటితే పదును నిలుపుకోలేవు. బైమెటల్ బ్లేడ్ అంటే వంగే స్ప్రింగ్ స్టీల్ వీపు, దానికి హైస్పీడ్ స్టీల్ పళ్ళు అతికినది. చక్రాల మీద వంగుతూ తిరగాలంటే మెత్తదనం కావాలి, కోయాలంటే గట్టిదనం కావాలి. ఒకే ఉక్కులో రెండూ కుదరవు కాబట్టి రెండు ఉక్కులు కలిపారు. ఎం42 అని రాసి ఉంటే పళ్ళలో 8 శాతం కోబాల్ట్ ఉందని. దానికి దాదాపు 600 డిగ్రీల దాకా పదును నిలుస్తుంది. కార్బన్ బ్లేడ్ వాడితే వేగం సగానికి తగ్గించుకోవాలి. నా లెక్కలో ఇంటి అవసరానికి కూడా బైమెటలే చివరికి చవక.

ఒక జాగ్రత్త. లావు బ్లేడ్ గట్టిగా ఉంటుంది కదా అని చిన్న మెషీన్‌కి 0.9 మి.మీ. మందం ఉన్నది వేయకూడదు. మావయ్య మెషీన్ చక్రం 180 మి.మీ. అంత చిన్న చక్రం మీద లావు పట్టీ ప్రతి చుట్టుకీ గట్టిగా వంగి, నిటారు అవుతూ త్వరలోనే పగుళ్ళిస్తుంది. 0.65 మి.మీ. చాలు.

ఇప్పుడు అసలు గొడవ, వేగం. మనందరికీ ఎక్కువ వేగం అంటే ఎక్కువ పని అని ఒక నమ్మకం. నాకు ఆ నమ్మకం కంప్యూటర్ నుంచి వచ్చిందేమో. వర్క్‌షాపుల్లో మాత్రం అది గ్రైండర్ నుంచీ, 14 అంగుళాల కటింగ్ మిషన్ నుంచీ వచ్చిందని నా అభిప్రాయం. ఆ రాయి చక్రం అంచు నిమిషానికి దాదాపు 4,000 మీటర్ల వేగంతో తిరుగుతుంది. అక్కడ వేగమే పని చేస్తుంది, ఎందుకంటే అది ఇనుమును అరగదీస్తుంది. రాయి గింజ మొద్దుబారితే రాలిపోతుంది, కింద కొత్త గింజ వస్తుంది. రంపం పన్నుకి ఆ సౌకర్యం లేదు. మొద్దుబారితే అంతే. చెక్క కోసే బ్యాండ్‌సా కూడా నిమిషానికి 900 మీటర్ల దాకా వెళ్తుంది. ఇనుముకి కావలసింది అందులో ఇరవయ్యో వంతు. కాబట్టి చెక్క మెషీన్‌కి ఇనుప బ్లేడ్ మాత్రం వేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. గేర్లతో వేగం దించితే తప్ప అది ఇనుము కోయదు.

వేగం పెంచితే బ్లేడ్ ఆయుష్షు ఎంత తగ్గుతుంది? మెకానికల్ వాళ్ళకి ఇది సిలబస్‌లో ఉంది, టేలర్ సూత్రం. ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికన్ ఇంజినీర్ 26 ఏళ్ళు ప్రయోగాలు చేసి, 8 లక్షల పౌన్ల ఇనుమూ ఉక్కూ, అంటే దాదాపు 360 టన్నులు, రజను చేసి 1906లో ఫలితాలు ప్రకటించాడు. హైస్పీడ్ స్టీల్ పనిముట్టుకి ఆ సూత్రంలో ఘాతాంకం దాదాపు ఎనిమిదో వంతు. మా సీఎస్‌ఈ భాషలో చెప్తాను. వేగం రెండింతలు చేస్తే ఆయుష్షు రెండు పవర్ ఎనిమిది, అంటే 256 వంతుల్లో ఒక వంతుకి పడిపోతుంది. ఇరవై శాతం పెంచినా నాలుగో వంతు కంటే తక్కువే మిగులుతుంది. అదే పది శాతం తగ్గిస్తే ఆయుష్షు రెండింతలు దాటుతుంది. ఈ లెక్క లేత్ పనిముట్టుకి కట్టింది, రంపానికి అంకెలు అచ్చం ఇలాగే రాకపోవచ్చు. దారి మాత్రం ఇదే. నేను 20 నుంచి 50కి, రెండున్నర రెట్లు పెంచాను. ఐదు నిమిషాలు వచ్చిందంటే ఆ బ్లేడ్ మంచిదే అన్నమాట.

ఇంటి మెషీన్‌కి గుర్తుపెట్టుకోవలసిన వేగాలు ఎక్కువేం లేవు. బైమెటల్ బ్లేడ్‌తో మైల్డ్ స్టీల్‌కి నిమిషానికి 40 నుంచి 60 మీటర్లు, నూనె వేయకపోతే 30. స్టెయిన్‌లెస్‌కి 20, 25. పోత ఇనుముకి 30 లోపు, దానికి నూనె అక్కర్లేదు. ఇత్తడి, అల్యూమినియం మీ చిన్న మెషీన్‌లో ఉన్నంత వేగం తట్టుకుంటాయి. అల్యూమినియంతో ఇబ్బంది వేగం కాదు, రజను పళ్ళ సందుల్లో అతుక్కుపోవడం. పెద్ద పళ్ళ బ్లేడ్ వేసి, కాస్త మైనం పూస్తే సరిపోతుంది. పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన, ఏ రకమో తెలియని ముక్క అయితే అన్నిటికంటే తక్కువ వేగంతో మొదలుపెట్టాలి.

మెషీన్ మీద అతికించిన పట్టికనీ గుడ్డిగా నమ్మొద్దు. ఈ రకం మెషీన్లకి అమెరికా పట్టికల్లో నిమిషానికి 80, 120, 200 అడుగులు అని ఉంటుంది. అది అక్కడి 60 హెర్ట్జ్ కరెంటు లెక్క. మన 50 హెర్ట్జ్ మీద అదే మోటారు ఆరింట ఐదు వంతుల వేగమే తిరుగుతుంది. మీటర్లలో అది 20, 30, 50. అయినా మీరే కొలుచుకోవచ్చు. ప్లగ్ తీసి, బ్లేడ్ పక్కన చాక్‌పీస్‌తో ఒక గుర్తు పెట్టండి. కవర్లు వేసి, ముక్క లేకుండా తిప్పి, ఆ గుర్తు నిమిషానికి ఎన్నిసార్లు వస్తుందో ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెట్టండి. బ్లేడ్ చుట్టు 1.64 మీటర్లు అయితే, 12 సార్లు వస్తే 20 మీటర్ల వేగం, 18 సార్లు వస్తే 30, 30 సార్లు వస్తే 50. మావయ్య షెడ్డుకి నేను చేసిన ఏకైక ఉపకారం ఈ కొలత.

వేగం ఒక్కటి తగ్గిస్తే చాలదు, బరువు కూడా ఉండాలి. నేను చేసిన రెండో తప్పు స్ప్రింగు బిగించడం. స్టెయిన్‌లెస్‌కి ఒక గుణం ఉంది. కోయకుండా ఊరికే రుద్దితే ఆ పైపొర గట్టిపడిపోతుంది. ఆ తర్వాత పన్ను దాంట్లోకి దిగదు, ఇంకా రుద్దుకుంటుంది, ఇంకా గట్టిపడుతుంది. అందుకే స్టెయిన్‌లెస్‌ని నెమ్మదిగా, కానీ గట్టిగా నొక్కి కోయాలి. చేతి రంపం ఇచ్చేటప్పుడు మావయ్య "నొక్కి తొయ్యి" అన్నది దీనికే. ఆయన వర్క్ హార్డెనింగ్ అన్న మాట వాడలేదు. నేను ఆ మాట ఫోన్‌లో చదివి ఆయనకి చెప్తే, "అదేగా నేను చెప్పింది" అన్నాడు.

సరిగ్గా కోస్తోందో లేదో రజనే చెబుతుంది. వెండి రంగులో, చిన్న చుట్టలుగా రాలుతుంటే అంతా బాగున్నట్టు. పిండిలాగా వస్తుంటే పళ్ళు రుద్దుకుంటున్నట్టు, వేగం తగ్గించండి లేదా బరువు పెంచండి. నీలంగా, లావుగా వస్తుంటే కాలుతున్నట్టు, బరువో వేగమో తగ్గించండి. పోత ఇనుము ఒక్కటే ఎప్పుడూ పొడిగానే రాలుతుంది. నా ముందు ఆ రోజు అసలు రజనే రాలలేదు, అయినా నేను చూసింది గడియారం వైపే.

కొత్త బ్లేడ్‌కి ఒక మర్యాద ఉంది. దాని పళ్ళ మొనలు బాగా చెక్కిన పెన్సిల్ మొనలాంటివి, మొదటిసారే గట్టిగా నొక్కితే విరుగుతాయి. మొదటి కొన్ని కోతలు మామూలు వేగంతోనే, సగం బరువుతో కోయాలి. మొనలు కాస్త నిమ్మళిస్తాయి. పాత బ్లేడ్ చేసిన గాట్లో కొత్తది దించకూడదు, ముక్క తిప్పి ఇంకోచోట మొదలుపెట్టాలి. చుట్టి కట్టిన కొత్త బ్లేడ్ తీగ కోసేటప్పుడు మొహం దూరంగా పెట్టండి, స్ప్రింగులాగా ఒక్కసారిగా విప్పుకుంటుంది. బ్లేడ్ మార్చేటప్పుడు చేతికి గ్లోవ్స్ మంచివే. మెషీన్ తిరిగేటప్పుడు మాత్రం వద్దు, గుడ్డ అంచు దొరికితే చేతిని లోపలికి లాగేస్తుంది. కళ్ళద్దాలు ఎప్పుడూ ఉండాలి.

ఇప్పుడు నన్ను ఎదిరించేవాళ్ళ మాట. మా రూమ్మేట్ వాళ్ళ నాన్నగారికి ఫ్యాబ్రికేషన్ షాపుంది. వాడు ఇదంతా విని నవ్వాడు. "కటింగ్ మిషన్‌తో అర నిమిషంలో అయిపోయేదానికి ఇంత పురాణమా?" అన్నాడు. వాడి మాట కొంత నిజం. రోజుకి వంద స్క్వేర్ పైపు ముక్కలు కోసి వెల్డింగ్ చేసే షాపుకి ఆ మెషీనే సరి. నేను చెప్పేది ఇంటి గురించి. ఇళ్ళ మధ్య షెడ్డులో సాయంత్రం పూట నిప్పురవ్వలు, దుమ్ము, వీధంతా వినిపించే శబ్దం కుదరవు. రాయి చక్రం అల్యూమినియంకి పనికిరాదు, పూడుకుపోతుంది. కోసిన అంచు కాలి గట్టిపడితే తర్వాత అక్కడ డ్రిల్ దిగడం కష్టం. బ్యాండ్‌సా పావుగంట తీసుకుంటుంది, కానీ ఆ పావుగంటలో మనిషి ఇంకో పని చేసుకోవచ్చు. (చూడమని చెప్పిన మేనల్లుడు బుద్ధిగా చూస్తే.) ఇంట్లో పనిచేసేవాడికి ఆలస్యం వల్ల పోయేది తక్కువ, బ్లేడ్ పోతే పండగ రోజు షాపు కూడా దొరకదు.

చివరిగా ఒక ఫిర్యాదు. సెలవుల తర్వాత మావయ్యతో కలిసి బ్లేడ్ కొనడానికి వెళ్ళాను. షాపులో అడిగింది ఒక్కటే ప్రశ్న, "పొడవెంత?" కాయిల్ నుంచి కత్తిరించి, వెల్డ్ చేసి ఇచ్చేశారు. వాళ్ళని తప్పుపట్టను, కొనేవాళ్ళు కూడా ఇంకేం చెప్పరు. కానీ బ్లేడ్ వీపు మీద అన్నీ రాసే ఉన్నాయి: వెడల్పు, మందం, 10/14, ఎం42. అన్నీ ఇంగ్లిష్‌లో, పొట్టి అక్షరాల్లో. నేను పుట్టినప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం, నాకు చదవడం వచ్చు, అర్థం తెలియదు. మావయ్యకి అర్థం చేతుల్లో ఉంది, ఆ అక్షరాలతో పని పడలేదు. కొనేటప్పుడు మనమే నాలుగు మాటలు చెప్పాలి: ఏ లోహం, ఎంత మందం, గట్టి రాడ్డా బోలు పైపా, మన మెషీన్‌లో తక్కువ వేగం ఎంత. అప్పుడు షాపతను కూడా ఒక నిమిషం ఆగి ఆలోచిస్తాడు. ఆ రోజు మాకు అలాగే జరిగింది.

మన కాలేజీ వర్క్‌షాపులో కూడా మెషీన్ల పక్కన పట్టికలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. మెకానికల్ వాళ్ళూ, మన సాహిత్య క్లబ్బూ కలిసి ఒక్కో మెషీన్‌కి ఒక్క పేజీ తెలుగులో రాస్తే ఎలా ఉంటుంది? ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న అసిస్టెంట్లకి చూపించి దిద్దించుకుంటే ఇంకా మంచిది. ఆ పేజీలు మన ఊళ్ళలో షెడ్లకి వెళ్తాయి. మనం పోటీలకి రాసే వ్యాసాల కంటే ఎక్కువమంది చదువుతారు కూడా.

నేను మొదటి పేజీ రాసేశాను. పళ్ళ లెక్క, వేగాలు, చాక్‌పీస్ గుర్తు, రజను రంగులు, అన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, మావయ్య షెడ్డు గోడకి అతికించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. ఒకచోట "వేగం తగ్గించండి" పక్కన "నూనె చూడండి" అని పెన్సిల్‌తో చేర్చాడు. పోయినవారం అత్త ఆ గోడ ఫోటో పంపింది. అడుగున ఇంకో లైను కనిపించింది, అదే పెన్సిల్‌తో: "మేనల్లుడు వచ్చినప్పుడు కవర్‌కి తాళం వేయవలెను."